చిన్నవాటా తడి

యూరియా వెయ్యడం సగం చేనుకు పైగా అయిపోయింది. నీళ్ళు మాత్రం ఇంకా రాలేదు.

పుష్పవతి నడుం ఎత్తి బావి వైపు చూసింది. పొద్దుటి నుంచీ ఇంజను మోగుతూనే ఉంది. తన చేనుకు నీళ్ళొచ్చే బోదెలో మాత్రం పాత బురద ఎండి పెచ్చులు లేచి ఉంది.

"వస్తాయంటారా అమ్మా?" అంది కూలికొచ్చిన రత్నమణి. చేతిలోని పుల్లతో మిరప మొక్క పక్కన చిన్న గుంట తీసి, చిటికెడు గుళికలు వేసి, మట్టి కప్పి, పక్క మొక్కకు జరిగింది.

"వస్తాయిలే. పొద్దెక్కగానే తిప్పుతామని బావగారు చెప్పి పంపారుగా."

"పోయినేడు కూడా చెప్పే పంపారు."

పుష్పవతి మళ్ళీ వంగి ఇంకో చిటికెడు గుళికలు వేసింది. పోయినేడు కూడా మిరప ఇలాగే పూత మీద ఉంది. నీళ్ళొస్తాయన్న మాట నమ్మి ఎరువు వేసింది. రాలేదు. చివరికి వచ్చేసరికి ఎరువు వేడికి వేళ్ళు మాడి, పూత రాలి సాళ్ళలో పరుచుకుంది. ఆ రాలిన పూత మీద నడుస్తుండగానే బావగారు వీరరాఘవయ్య దగ్గరనుంచి మరో కబురొచ్చింది. ఆడమనిషికి సేద్యం ఎందుకు, చేను తనకు కౌలుకిచ్చేసి ఇంట్లో కూచోమని.

ఆ బావి మామగారు తవ్వించింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు చెరిసగం అనుకున్నారు. పొద్దున పూట అన్నగారి పెద్దవాటా, పొద్దెక్కాక తమ్ముడి చిన్నవాటా. ఇంజనూ ఇద్దరూ కలిసి కొన్నదే. పుష్పవతి భర్త పోయాక ఆ పంపకాన్ని ఎవరూ మార్చలేదు. ఊళ్ళో మాట మాత్రం మారింది. అంతకు ముందు "మీ వంతు నీళ్ళొచ్చాయా?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు "మీ బావ దయవల్ల తడి అందుతోందా?" అంటున్నారు.

"నువ్వు ఎరువు ఆపు రత్నమణీ. నేను వెళ్ళి చూసొస్తా," అని పుష్పవతి గట్టెక్కింది.

బావి దగ్గర తుమ్మచెట్టు నీడలో రాయి మీద వీరరాఘవయ్య కూచుని ఉన్నాడు. నెత్తిన తువ్వాలు. పాలేరు సాంబయ్య పార పట్టుకుని నీళ్ళు తిప్పే మడవ దగ్గర ఉన్నాడు. నీళ్ళన్నీ వీరరాఘవయ్య జొన్నచేలోకి పోతున్నాయి.

పుష్పవతి పైట భుజాల చుట్టూ లాక్కుని, పక్కకు తిరిగి నిలబడింది. ఆ ఇంట్లో మరదలు బావగారితో మాట్లాడకూడదు. కాపురానికొచ్చిన రోజునుంచీ ఒక్క మాట లేదు. భర్త ఉన్నంతకాలం మాటలు ఆయన మోసేవాడు. తర్వాత ఆ పని సాంబయ్యకు పడింది. అన్నదమ్ముల భూముల మధ్య గట్టొక్కటే ఉన్నట్టు, ఆ ఇద్దరి మాటల మధ్యా సాంబయ్య ఒక్కడే.

"సాంబయ్యా, నీళ్ళు మా చేనుకి తిప్పుతామని నువ్వేగా వచ్చి చెప్పావ్? ఎరువేసేసాం. అడుగు."

సాంబయ్య అటు తిరిగాడు. "చిన్నమ్మగారు ఎరువేసేసారంటండి. నీళ్ళడుగుతున్నారండి."

"విన్నాలే. జొన్నకి ఇంకో తడి పెట్టాలని చెప్పు."

"జొన్నకి ఇంకో తడి పెట్టాలంటన్నారండి."

"మొన్ననే కదా తడిపింది! కంకి మీదున్న జొన్నకి అన్ని నీళ్ళు పెడితే గాలికి పడిపోద్దని చెప్పు."

సాంబయ్య గొంతు తగ్గించాడు. "ఇది కూడా చెప్పమంటారా అమ్మగారూ?"

"చెప్పు."

చెప్పే అవసరం రాలేదు. "నాకు సేద్యం నేర్పుద్దంటా? అడగరా!" అన్నాడు వీరరాఘవయ్య. "ఎండలో ఈ అగచాట్లన్నీ ఎందుకు? ఉగాదికి కౌలు కాయితం రాయిస్తే నీళ్ళ బాధ నాది, ఎరువు బాధ నాది. కడుపులో చల్ల కదలకుండా ఇంట్లో కూచోవచ్చని చెప్పు."

సాంబయ్య నోరు తెరిచాడు.

"నాకూ వినపడింది సాంబయ్యా," అంది పుష్పవతి.

"ఒరే, డీజిలు అడుగంటినట్టుంది. ఇంటికెళ్ళి డబ్బా పట్రా," అన్నాడు వీరరాఘవయ్య.

సాంబయ్య పార గట్టుమీద పెట్టి వెళ్ళిపోయాడు. మాట మోసే మనిషి వెళ్ళిపోతే మాట్లాడ్డం అయిపోయినట్టే. వీరరాఘవయ్య ఇంజను వైపు తిరిగి కూచున్నాడు. ఎప్పుడూ జరిగినట్టే, కాసేపు నిలబడి ఆమే వెళ్ళిపోతుందని ఆయన లెక్క.

పుష్పవతి కాసేపు నిలబడింది. ఎండ మట్టిలోకి దిగుతోంది. ప్రతి మొక్క మొదట్లోనూ, తన చేత్తో పెట్టిన ఎరువు.

"బావగారూ."

ఇంజను చప్పుడులో ఆ మాట ఆమెకే వినపడలేదు. గొంతు పెంచింది.

"బావగారూ! ఇది నా వంతు."

కట్టేసిన ఎద్దు నోరు విప్పి మాట్లాడినట్టు వీరరాఘవయ్య ఉలిక్కిపడ్డాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. "సాంబయ్య వచ్చాక చెప్పమను," అన్నాడు, ఇంజనుతోనే.

పుష్పవతి పార అందుకుంది. జొన్నచేను మడవకి నాలుగు పారల మట్టి అడ్డం వేసి, తన బోదె మడవ తెంచింది. నీళ్ళు ఒక్క క్షణం సుళ్ళు తిరిగి, ఎండిన బురద పెచ్చుల్ని తోసుకుంటూ ఇటు మళ్ళాయి.

ఆయన లేచి ఇంజను ఆపేశాడు. చుట్టూ ఉన్న చేలన్నీ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాయి. ఇంజను స్టార్టు చెయ్యడానికి తిప్పే హాండిలు తీసి భుజాన వేసుకుని, ఆమె ముఖం చూడకుండా గట్టు దిగిపోతూ, "మర్యాద చచ్చిన ఇల్లు," అన్నాడు.

బోదెలో మిగిలిన నీళ్ళు మొదటి రెండు మూడు సాళ్ళు తడిపి ఇంకిపోయాయి.

పుష్పవతి చేనుకు తిరిగి వచ్చేసరికి రత్నమణి చేతులు కడుక్కుని నిలబడి ఉంది. "నేను పోతానమ్మా," అంది నేల చూస్తూ. "పెద్దయ్యగారి జొన్నకోతలు వస్తన్నాయి. ఈ గొడవలో నేనిక్కడున్నానంటే మా పేటలో ఎవర్నీ పిలవరు."

"వెళ్ళు. ఇదుగో కూలి."

"సగం రోజేగా చేసింది. ఐదు రూపాయలెందుకమ్మా?"

"ఆపమన్నది నేనేగా. తీసుకో."

రత్నమణి నోటు కొంగున కట్టుకుంది. కొంత దూరం పోయి వెనక్కొచ్చింది. తాగడానికి నీళ్ళు తెచ్చుకున్న సత్తు బిందెను పుష్పవతి కాళ్ళ దగ్గర పెట్టి, "మళ్ళీ ఎప్పుడైనా తీసుకెళ్తాలెండి," అని గబగబా వెళ్ళిపోయింది.

ఊరి బయట పేటలోని వాళ్ళ బిందెను పుష్పవతి అంతకు ముందెన్నడూ చేత్తో ముట్టుకోలేదు. కాసేపు దాని వైపు చూసింది. తర్వాత చంకనెత్తుకుని దిగుడుబావి మెట్లు దిగింది.

మొక్కకు చెంబెడు. ఒక బిందె కొద్ది మొక్కలకే సరిపోయేది. మళ్ళీ గట్టు, మళ్ళీ మెట్లు. పక్క చేలల్లో మనుషులున్నారు. ఇటు చూసి, వంగి, తమ పని చేసుకుంటున్నారు. ఆమె కూడా ఎవర్నీ పిలవలేదు. ముందు తడిపిన మట్టి నల్లగా ఉంటే, ఇంకా తడవని సాళ్ళలో ఆకులు అప్పుడే వడలుతున్నాయి.

సాంబయ్య డీజిలు డబ్బాతో గట్టు మీదకొచ్చేసరికి ఆమె చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది.

"దారిలో అయ్యగారు కనపడ్డారండి," అన్నాడు. "తప్పయిందని నాతో ఒక్క మాట చెప్పి పంపితే చాలంట. హాండిలు నా చేతికిచ్చి పంపుతానన్నారు. మీరేం అనక్కర్లేదమ్మగారూ. ఊ అనండి చాలు, మిగతాది నేను సర్ది చెప్పుకుంటా. చేనంతా మాడిపోద్దండి."

అతను మంచికే చెబుతున్నాడని ఆమెకు తెలుసు. తలెత్తి చేనంతా ఒకసారి చూసింది. సంవత్సరం తిండి అది. ఈ బిందెతో పొద్దుగూకేలోపు అందులో పావు కూడా తడవదు.

"సాంబయ్యా, ఆయనతో నేను మాట్లాడా. ఆయన ఏదైనా అనాలంటే నాతోనే అనాలి."

"అదే చెప్పమంటారా అమ్మా?"

"వద్దు. నీతో ఏ మాటా పంపటం లేదు."

సాంబయ్యకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆ రెండు ఇళ్ళ మధ్య మాట లేకుండా అతనెన్నడూ నడవలేదు. డబ్బా ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

పుష్పవతి ఖాళీ బిందెతో మళ్ళీ మెట్లు దిగింది. కాసేపు తల ఒక్కటే కనిపించింది, తర్వాత అదీ కనిపించలేదు. లోపల బిందె మునిగిన చప్పుడైంది. సాంబయ్య ఇంకా గట్టు మీదే నిలబడి ఉన్నాడు.