పదహారు చిప్పుల పేర్లు

రోజూ పొద్దున్నే మల్‌సున్ బార్లీ టీ కాచుకుని, టంకం కడ్డీ వేడిచేసి, కంప్యూటర్ ముందు కూర్చునేది. సియోల్ పాత సామాన్ల బజారులో ఏరుకొచ్చిన ముక్కలతో ఏడాదిగా దాన్ని తనే కడుతోంది.

ఆమె పనిచేసిన కుట్టు ఫ్యాక్టరీలో ఆడపిల్లల్ని ఏడో నంబరూ, పదో నంబరూ అని పిలిచేవాళ్లు. మనిషిని అంకె చేసిన సైనిక రాజ్యం మీద కసితో, తన మిషన్‌లో దేనికీ నంబరు వెయ్యనని ఒట్టు పెట్టుకుంది. పదహారు మెమరీ చిప్పులకు, సమ్మె చేసి దాక్కున్న పదహారుమంది స్నేహితురాళ్ల పేర్లు పెట్టింది. పేరుపేరునా పిలుస్తూ టంకం వేసింది.

అదే తప్పు. ఆ కంప్యూటర్ పెట్టె దగ్గర గట్టిగా పలికిన పేరు అందులో నిలిచిపోతుంది. పదహారు దాటి కొత్త పేరొస్తే పాతదొకటి జారిపోతుంది. కరెంటు తీస్తే అన్నీ పోతాయి. ఆమె ఉండే అంతస్తు వాళ్లందరికీ తెలుసు. ఆమె గదిలో గొంతు తగ్గించే మాట్లాడేవాళ్లు.

సంగతి పోలీసుల దాకా పోయింది. ఆదివారం మధ్యాహ్నం డిటెక్టివ్ ప్యో ఒక కానిస్టేబుల్‌ని వెంటేసుకొచ్చాడు. ఆమె చూపు ప్లగ్గు వైపు పోగానే ఆ తీగ మీద బూటు పెట్టాడు.

"ఈ పెట్టెని టీవీకి కలుపమ్మా. అది చూపించింది చూపించినట్టు మావాడు రాసుకుంటాడు."

ఒక్క తీగకు టంకం మిగిలుందని చెప్పింది. వేడి బొట్టు మోకాలి మీద పడింది. అరవలేదు. అతనికి టీ పోసింది. యాస చూస్తే సముద్రం పక్క ఊరులా ఉందే, వలలు లాగేవారా, తోడెవరు లాగేవాళ్లు అని అడిగింది.

సొంత ఊరి మాట రాగానే ప్యో గొంతు తగ్గించడం మరిచాడు. ఎవడు తిండిపోతో, ఎవడు ఈత రానివాడో పేర్లతో సహా చెప్పి నవ్వాడు. ఆమె లోపల లెక్కపెట్టింది. పదిహేను.

"ఇంకొకరెవరూ లేరా సార్?"

"మా తమ్ముడు, ప్యో ఇన్‌బే. వాడికి నీళ్లంటే భయం."

ఆమె తీగ కలిపింది. టీవీ మీద పేర్లు ఒక్కొక్కటే తేలాయి. కానిస్టేబుల్ వంచిన తల ఎత్తకుండా రాసుకుని, అడిగాడు.

"చివరివాడిది మీ ఇంటిపేరే సార్. వీళ్లని ఎప్పుడు ఎత్తుకురమ్మంటారు?"

ప్యో తీగ మీద నుంచి బూటు తీసి, వంగి, ప్లగ్గు తనే పీకాడు. కాగితం లాక్కుని టీలో ముంచి పిసికేశాడు.

"పెట్టె పనిచెయ్యలేదని రాయి."

మెట్ల మీద బూట్ల చప్పుడు అణిగింది. ఆ తర్వాత కూడా మల్‌సున్ తన స్నేహితురాళ్ల పదహారు పేర్లలో ఒక్కటీ పైకి అనలేదు.