అమ్మాయికి బోణీ

నేను పైపులు, కొళాయిలు, వాషర్లు అమ్ముకుంటాను. పొద్దున్నే కొట్లోకి మొదట ఎవరు అడుగుపెడతారన్నది నాకు ముఖ్యం. కొందరి చెయ్యి మంచిది. ఒక్క వాషరు కొనుక్కుని పోయినా ఆ రోజంతా గల్లాపెట్టెకి తీరిక ఉండదు. ఇంకొందరు సరుకంతా తిరగేసి, ధరలన్నీ అడిగి, "మళ్లీ వస్తా" అని పోతారు. ఇక సాయంత్రం దాకా ఈగలు తోలుకోవడమే. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఎంత లెక్కల మనిషికైనా లెక్కకందని నమ్మకం ఒకటుంటుంది, తూకం మీద కొసరులాగా.

మా అమ్మాయి నర్సింగు పాసైంది. అయితే పాసైన సరుకంతా అమ్ముడుపోదు. ఏ ఆసుపత్రికి వెళ్లినా "అనుభవం ఉందా?" అనడమే. ఈత వచ్చాకే నీళ్లలోకి దిగనిస్తాం అన్నట్టుంది వాళ్ల వరస. చివరికి ఒక పెద్దాసుపత్రి వాళ్లు పిలిచారు. కేజువాలిటీలో ఒకే ఒక ఖాళీ. వడగట్టగా వడగట్టగా ఇద్దరు మిగిలారు, మా అమ్మాయి, ఇంకో పొడుగుపిల్ల. ఇద్దరూ ఒక రోజు డ్యూటీ చెయ్యాలి. పెద్ద సిస్టరు వెనకాల నిలబడి చూస్తుంది. ఒకరిని ఉంచుకుని ఇంకొకరిని పంపేస్తుంది.

"ముందు ఏం చూస్తారే?" అని అడిగాను.

"సెలైన్ సూది పెట్టడం నాన్నా. నరం దొరకాలి. రెండుసార్లు తప్పితే మూడోసారి ముట్టుకోనివ్వరు. వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. అక్కడ రూలు అది."

"నీకు వచ్చుగా?"

"కాలేజీలో ప్లాస్టిక్ చేతికి బాగానే పెట్టా. అది కదలదు, కేకలెయ్యదు. మనుషులకి పెట్టాల్సి వస్తే సీనియర్లే లాక్కునేవాళ్లు."

అన్నం ముందు పెట్టుకుని, తన ఎడమచేతి మీదే నరం వెతుక్కుంటోంది. మా ఆవిడ కళ్లతోనే నాకు చూపించింది.

రాత్రంతా ఆలోచించాను. ఎవరైనా కొత్తగా కొట్టు తెరిస్తే అయినవాళ్లు వెళ్లి మొదటి బేరం చేసి వస్తారు. ధర తగ్గించమనరు, వంకలు పెట్టరు. మరి నా కూతురు తెరిచే కొట్టుకి తాగి పడినవాడో, ఇల్లెగిరిపోయేలా అరిచేవాడో ఎందుకు బోణీ చెయ్యాలి? నేను లేనూ? నా చేతులు చూసుకున్నాను. నరాలు తాళ్లలా పైకి తేలి ఉన్నాయి. కళ్లు మూసుకుని పెట్టినా సూది దిగుతుంది.

పేషెంటు పక్కన ఒక మనిషి ఉండాలి కాబట్టి మా బావమరిదికి మాత్రం చెప్పాను.

"ఏం రోగమని చెప్తావు బావా?"

"వాంతులు, విరేచనాలు. సెలైన్ ఖాయం."

"డాక్టరు పట్టేస్తాడేమో. నీ మొహంలో రోగం ఎక్కడుంది, నిగనిగలాడుతుంటేనూ!"

"నకిలీ సరుకు నేనెప్పుడైనా అమ్మానా?"

అమ్మలేదు. అందుకే ముందురోజు తిండి మానేశాను. నీళ్లు కూడా ముట్టలేదు. మిట్టమధ్యాహ్నం కొట్టు మెట్ల మీద ఎండలో కూర్చున్నాను. ఇంటికొచ్చి కడుపు బాగాలేదని పడుకుంటే మా ఆవిడ, "పరీక్ష దానికైతే కడుపు మీకెందుకు చెడిందండీ?" అని నవ్వింది. తెల్లారి అమ్మాయి తయారై వెళ్లిపోయాకే మంచం దిగాను. నాలుక చెక్కముక్కలా ఉంది. మెట్లు దిగుతుంటే గోడలు కదిలాయి.

కేజువాలిటీలో డ్యూటీ డాక్టరు నా నాలుక చూశాడు, చేతి మీద తోలు గిల్లి వదిలాడు. అది మడత పడ్డట్టే ఉండిపోయింది.

"బాగా ఎండిపోయాడు. సెలైన్ పెట్టండి," అన్నాడు.

నా సరుకు తనిఖీలో నెగ్గిందని లోలోపల మురిసిపోయాను.

తెర తొలగించుకుని మా అమ్మాయి ట్రేతో వచ్చింది. నన్ను చూసి అక్కడే ఆగిపోయింది. ట్రేలో సీసాలు గలగలమన్నాయి. నోరు తెరిచింది. ఈలోపు వెనకనుంచి పెద్ద సిస్టరు గొంతు వినిపించింది.

"ఏమ్మా, చూస్తూ నిలబడితే సెలైన్ దానంతటదే ఎక్కుతుందా?"

తెరిచిన నోరు మూసుకుంది. సొంతమనిషి అని చెబితే ఆ కేసు తననుంచి తీసేస్తారన్న సంగతి దానికి తెలుసు, నాకు తెలియదు.

"సార్, చెయ్యి ఇవ్వండి," అంది.

నా కూతురు నన్ను సారు అంది. దాని మొహం చూస్తే సున్నం కొట్టినట్టుంది. అప్పుడు తట్టింది నాకు. నేను నిజంగానే రోగంతో వచ్చాననుకుంటోంది! ఇదంతా నీ కోసమేనే పిచ్చిదానా అని చెబుదామంటే పెద్ద సిస్టరు చేతులు కట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఏం చెయ్యను? కన్ను కొట్టాను.

అమ్మాయి ఇంకా బెదిరిపోయింది. "సిస్టర్, ఈయన కన్ను ఒకటే కొట్టుకుంటోంది."

పెద్ద సిస్టరు ముందుకొచ్చింది. "పెద్దాయనా, నాలుక చాపండి. ఆ. రెండు చేతులూ పైకెత్తండి. నవ్వండి."

"నవ్వాలా?"

"మూతి వంకర పోతోందేమో చూడాలి. నవ్వండి."

నవ్వాను. జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ నవ్వలేదు. పక్షవాతం కాదని తేల్చి ఆవిడ వెనక్కి జరిగింది.

అమ్మాయి నా మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించింది. మణికట్టు తట్టింది, ముంజేయి రుద్దింది, వేలితో వెతికింది. తాళ్లలాంటి నరాలు ఒక్కటీ లేవు. ఎక్కడికి పోయాయో తెలియదు. ట్యాంకులో నీళ్లు లేకుండా కొళాయి తిప్పితే గాలే వస్తుందని నా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పేవాణ్ణి. నా ఒంట్లో ఉన్నవీ పైపులేనని నాకు తట్టలేదు.

"కొంచెం నొప్పి పుడుతుంది సార్."

సూది దిగింది. రక్తం రాలేదు. లోపలే అటూ ఇటూ కదిపింది. పంటి బిగువున పడి ఉన్నాను. పొడిచినచోట ఉబ్బి నీలంగా అయింది. దూది పెట్టి నొక్కి, రెండో చేతికి వచ్చింది. దాని చెమట చుక్క నా మణికట్టు మీద పడింది. ఎంతోమందికి అప్పటికప్పుడు మాట చెప్పి సరుకు అంటగట్టినవాణ్ణి, నా కూతురికి ఒక్క నరం ఇవ్వలేకపోయాను. పిడికిలి బిగించాను, ఊపిరి బిగబట్టాను. రెండోసారి కూడా అంతే.

అమ్మాయి సూది తీసేసి నిలబడింది. "దొరకలేదు సిస్టర్," అంది.

"అయితే జరుగు." ఆవిడ తెర పక్కకి చూసి పిలిచింది. "నువ్వు రామ్మా."

పొడుగుపిల్ల వచ్చింది.

నా చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "నాకేం వద్దు. తగ్గిపోయింది. ఇంటికి పోతాను."

"తగ్గిందా! లేచి నిలబడండి చూద్దాం," అంది పెద్ద సిస్టరు.

లేచాను. నేల నా మీదికి వచ్చింది. కళ్లు తెరిచేసరికి మళ్లీ మంచం మీదే ఉన్నాను. పొడుగుపిల్ల వేడినీళ్లలో తడిపిన గుడ్డ నా చేతికి చుట్టి, కాసేపాగి, మెల్లగా తట్టి, ఒకే పోటుకి సూది దించేసింది. సీసాలో చుక్కలు మొదలయ్యాయి. మంచి పనిమంతురాలు. ఆ పిల్లని తిట్టుకుందామంటే కారణం దొరకలేదు.

నేను పడిపోవడం చూసి, తెర పక్కన నిలబడ్డ మా బావమరిదికి గుండె జారిపోయింది.

"నాటకమే అనుకున్నానమ్మా! నిజంగా ఎండిపోతాడని నాకేం తెలుసు? కూతురికి బోణీ చేస్తానని నీళ్లు మానేశాడు! బావా, నీకేమన్నా అయితే అక్కకి ఏం చెప్పను?"

తెర చుట్టూ ఉన్నవాళ్లందరూ విన్నారు. పెద్ద సిస్టరు నన్ను చూసింది, తర్వాత మా అమ్మాయిని చూసింది.

"మీ నాన్నా?"

"అవును సిస్టర్."

"ఏ కాలేజీలో నేర్పారమ్మా నీకు, సూది కన్నా ముందు నాటకం?"

"దానికేం తెలియదండీ," అన్నాను. నా మాట మీద అంగట్లో సరుకు లారీల్లో కదులుతుంది. ఆ గదిలో నా మాట చెల్లలేదు. ఆవిడ వినిపించుకోనట్టే నా నాడి పట్టుకుంది.

"మేడం, మీ వార్డులో ఆ మూల కొళాయి కారుతోంది. నేను చూశాను. ఆసుపత్రి మొత్తం కొళాయిలు మార్చేస్తాను. నాకేం ఇవ్వక్కర్లేదు. ఈ పిల్లని మాత్రం..."

"నాన్నా!" అంది అమ్మాయి.

సార్ పోయి నాన్న వచ్చాడు. కానీ ఆ పిలుపు, మూసెయ్యి నోరు అన్నట్టుంది.

"ఇది సంత కాదు పెద్దాయనా," అంది పెద్ద సిస్టరు. మా బావమరిదిని బయటికి పంపించి, అమ్మాయికి పక్క మంచం చూపించింది. "ఆ ముసలావిడ పక్క మార్చు. తర్వాత మాట్లాడతా."

అంతే. చేతికి గొట్టం, పక్కన స్టాండు. కదిలితే సూది ఊడుతుంది. తెర సందులోంచి కనబడినంత మేరకే నా లోకం. మా అమ్మాయి ముసలావిడని ఒక పక్కకి దొర్లించి, తడిసిన దుప్పటి లాగి, పొడిది పరిచింది. ఆవిడ ఏదో తిట్టింది. ఇది ఏదో చెప్పి నవ్వించింది. పెద్ద సిస్టరు చూస్తోందో లేదో నాకు కనబడలేదు. మెడ ఎంత సాచినా ఆవిడ టోపీ అంచు తప్ప మొహం తెలియలేదు. కొట్లో అయితే కొనేవాడి కనుబొమ్మ కదిలితే బేరం తెగుతుందో లేదో చెప్పేస్తాను.

సాయంత్రానికి రెండో సీసా సగమైంది. లోపలికి పోయిందంతా బయటికి దారి వెతుక్కోవడం మొదలుపెట్టింది. వార్డుబాయి కోసం కేకేశాను. ఎవరినో ఎక్సరేకి తీసుకెళ్లాడట. ఆపుకున్నాను. ఇక ఆపుకోలేక మళ్లీ కేకేశాను.

మూతి వంచిన ప్లాస్టిక్ సీసా పట్టుకుని మా అమ్మాయే వచ్చింది. తెర దగ్గరగా లాగింది.

"నువ్వొద్దే. ఎవరైనా మగవాళ్లని పిలువు."

"మగవాళ్లు లేరు. ఎంత వచ్చిందో కొలవాలి. పట్టుకో."

పట్టుకున్నాను. "ఏమన్నదే ఆవిడ?"

"కేజువాలిటీకి ఆ అమ్మాయిని తీసుకున్నారు." అది నా దుప్పటి సర్దింది. "నన్ను ముసలివాళ్ల వార్డులో వేశారు. అక్కడ ఎవరో నర్సు కాన్పుకి వెళ్తున్నారట. ఆవిడ తిరిగొచ్చేదాకా."

"నా వల్లేనా ఇదంతా? నేను రాకపోతే కేజువాలిటీ ఉద్యోగమే నీకొచ్చేదా?"

"ఏమో నాన్నా. నువ్వు లేకపోతే ఆ మంచం మీద ఎవరుండేవాళ్లో నాకేం తెలుసు."

"ఆవిడ తిరిగొచ్చాక మరి?"

"ముందు అందులో పొయ్యి నాన్నా. నాకు అవతల పనుంది."

అటు తిరిగి నిలబడింది. కన్నకూతురు అక్కడ ఉంటే నాకు రాలేదు. అదీ వెళ్లలేదు. తెర అంచు పట్టుకుని, గోడవైపు చూస్తూ, అలాగే నిలబడి ఉంది.