జాన్ పాల్ చేతులు

గుర్తుపట్టమని మార్చురీలో గుడ్డ తీసినప్పుడు నా భర్త జాన్ పాల్ చేతులు ఛాతీ మీద, వేళ్లలో వేళ్లు చొప్పించి ఉన్నాయి. "మేం కాదమ్మా, అలాగే వచ్చాడు" అన్నారు ఆస్పత్రివాళ్లు. కూలిన విమానంలోంచి తీసిన మనిషి అలా ఎలా వస్తాడు?

ఆయన నడిపింది రెండింజన్ల చిన్న విమానం. గన్నవరంలో పైకి లేచిన కాసేపటికే ఎడమ ఇంజన్ శక్తి పోయి, హనుమాన్ జంక్షన్ అవతల వరిచేలో కూలింది. లోపల ఆయనొక్కరే. కంపెనీ మేనేజరు ఉమామహేశ్ అప్పుడే తేల్చేశాడు.

"పాడైన ఇంజన్ని వదిలేసి బాగున్న కుడిదాన్ని ఆపేశారండీ. కుడి ఇంజన్ లివర్ వెనక్కి లాగేసి ఉంది. ఇంక ఇంజన్లు విప్పే పనే లేదు."

దర్యాప్తు అధికారి శాలిని గారు కూడా అదే రాయబోతున్నారని తెలిసి, నేను ఆ చేను వెతుక్కుంటూ వెళ్లాను. దాన్ని కౌలుకు చేసే సంపూర్ణమ్మ గట్టు మీద కూర్చుని అన్నం తింటోంది.

"ఆయన చేతులు ఎవరు ముడిచారమ్మా?"

"నేనే. మెళ్లో సిలువ చూశా. ఓ ఇనప కాడని బిగించి పట్టుకునున్నాడు తల్లీ. పిడికిలి బిగించుకునుంటే దేవుడి దగ్గరికి అట్టా పంపుతామా? ఒక్కో వేలూ విడదీసి చెయ్యి ఇటు లాగా. కాడ కూడా చేత్తోపాటే వెనక్కొచ్చింది."

"ఈ మాట ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరడిగారు? వచ్చినోళ్లంతా నారు తొక్కి పోయారు."

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని బెజవాడ గెస్ట్‌హౌస్‌లో శాలిని గారి ముందు కూర్చోబెట్టాను. అంతా విని, అక్కడే ఉన్న ఉమామహేశ్ నవ్వాడు.

"ప్రమాదం జరిగినచోట వస్తువులు కదపడం నేరం మామ్మా. కేసవుద్ది."

"ముందు నా చేలో విమానం పడేసినందుకు నీ మీద పెట్టించు నాయనా. తర్వాత నా సంగతి చూద్దువుగాని."

శాలిని గారు రాయడం ఆపారు. "అయితే దాన్ని వెనక్కి లాగింది ఈమే కావచ్చు. లివర్‌ని బట్టి ఏమీ చెప్పలేం."

"కారణం తేలలేదని రాసేద్దాం మేడమ్, ఫ్యామిలీకీ మర్యాదగా ఉంటుంది" అని ఉమామహేశ్ నా వైపు తిరిగాడు. "క్రిస్టినా గారూ, ఇంతటితో వదిలేయండి. ఇంజన్లు విప్పితే మీవారి తప్పే బయటపడొచ్చు."

"పడనివ్వండి. తప్పు ఆయనదైతే ఆయన పేరే రాయండి, మా పిల్లలకి నేనే చదివి వినిపిస్తాను. కానీ రెండు ఇంజన్లూ విప్పాకే రాయండి. విప్పేటప్పుడు నేనూ ఉంటాను."

"అక్కడ మీకేం అర్థమవుద్దండీ?"

"విప్పారో లేదో అర్థమవుతుంది."

శాలిని గారు ఫైలు మూసి అతని వైపు చూశారు. "ఇంజన్లున్న షెడ్డు తాళాలు తెప్పించండి."

"ఇవాళ కష్టం మేడమ్. తాళాలున్నతను మైలవరం వెళ్లాడు."

సంపూర్ణమ్మ కుర్చీలో కాళ్లు పైకి మడుచుకుని కూర్చుంది.

"రానీ నాయనా. వచ్చేదాకా కూర్చుంటాం. మాకు టీ చెప్పు."