లిఫ్టు తలుపులో రెండు యూరోలు

మా బిల్డింగు లిఫ్టు తలుపు చివరి బెత్తెడు మూసుకోదు. తలుపు మూసుకోకపోతే లిఫ్టు కదలదు. ఏడాది దాటింది, ఇదే వరస. మధ్యలో ఒక్క పూట బాగుపడింది, మళ్ళీ మొదటికొచ్చింది. నాకు అరవై మూడేళ్ళు, మోకాళ్ళు రెండూ అరిగాయి, ఉండేది మూడో అంతస్తు. మా ఊరు వోలోస్ రేవులో కిలో సార్డీన్ చేపలు కొనుక్కుని మెట్లెక్కుతుంటే ఇంటికి ముందు నేను చేరతానా, వాటి వాసన చేరుతుందా అన్నట్టుంటుంది. మెకానిక్కుని పిలుద్దామంటే కింది అంతస్తుల వాళ్ళు మీటింగు పెట్టి, మేము లిఫ్టు ఎక్కం కదా అంటారు. పై అంతస్తుల వాళ్ళు మీటింగుకి రారు, లిఫ్టు లేదు కదా దిగటానికి.

ఆ బాగుపడిన పూట సంగతి చెబుతాను.

ఫిబ్రవరిలో ఒక గురువారం. పొద్దున ఏడున్నరకి జినోవియా లిఫ్టు గడప ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మా మెట్లు కడిగే మనిషి. పందొమ్మిదేళ్ళుగా వారానికి రెండుసార్లు అయిదో అంతస్తు నుంచి కిందికి కడుగుతూ వస్తుంది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. పాత టైరు ముక్కలు కోసి మోకాళ్ళకి కట్టుకుంటుంది. బ్లీచింగు నీళ్ళకి వేళ్ళ చివర గీతలు చెరిగిపోయాయి. ఆమె వేలిముద్ర ఏ ఆఫీసులోనూ పడదు. మా బిల్డింగు మాత్రం ఒకసారి పడిందనే తీర్మానించింది.

అది పదకొండేళ్ళ నాటి మాట. రెండో అంతస్తు పోలిక్సేనిగారి ఉంగరం పోయింది. పచ్చరాయిది, వాళ్ళమ్మది. ఆవిడ భర్త థ్రాసివులోస్ ఇన్సూరెన్సు కంపెనీలో రిటైరయ్యి మా బిల్డింగు సెక్రటరీగా మళ్ళీ చేరినవాడు. మీటింగు పెట్టాడు. ఉంగరం పోయిన రోజు ఆ ఇంట్లో వంటగది తుడిచింది జినోవియా. ఆమె ఒకే మాట చెప్పింది. పిండి కలిపేటప్పుడు అమ్మగారు ఉంగరం తీసి వంటగది కిటికీ గట్టు మీద పెడతారు, ఆ కిటికీ డక్టులోకి తెరుచుకుంటుంది, కింద వెతకండి అని. డక్టంటే గాలి కోసం బిల్డింగు మధ్యలో వదిలిన బావిలాంటి సందు, అందులో ముప్పై ఏళ్ళ పావురాల రెట్ట ఉంది. దాని అడుగున ఇనప తలుపు తుప్పు పట్టింది. దిగేదెవరు? దిగటం కంటే అనుమానించటం శుభ్రమైన పని. పోలీసులదాకా పోవద్దు, ఆమె పరువు మనం కాపాడాలి అని సెక్రటరీ పెద్ద మనసు చేసుకున్నాడు. మెట్లు కడగొచ్చు, ఇళ్ళల్లోకి మాత్రం రాకూడదని కాగితం రాశారు. అందరూ సంతకం పెట్టారు. నేనూ పెట్టాను. బడి మాస్టారిని, నా సంతకం బాగుంటుందని పేరు.

అప్పట్నుంచి ఆమె బకెట్ చప్పుడు వినబడగానే ఒక్కో అంతస్తులో ఒక్కో తలుపు లోపల తాళంచెవి రెండుసార్లు తిరిగేది. టక్, టక్. ఆమె మెట్టు కడిగేది, పై ఇంటి తాళం టక్ టక్. ఇంకో మెట్టు కడిగేది, పక్కింటిది. వేరే చోట పని చూసుకోవచ్చుగా అని నేనే ఒకసారి అడిగాను.

"వెళ్ళిపోతే దొంగనని ఒప్పుకున్నట్టు కదా మాస్టారూ" అంది.

పోనీ నువ్వే డక్టులో దిగి వెతకరాదా అన్నాను. మెట్టు తుడుస్తూనే జవాబిచ్చింది.

"నాకు దొరికితే, నేనే తెచ్చి పడేశానంటారు. వాళ్ళ చేతికే దొరకాలి."

గురువారానికి వద్దాం. లిఫ్టు గడప గాడిలో ఏదో మెరుస్తోందని ఆమె కూరగాయల కత్తి దూర్చి పెకలించింది. రెండు యూరోల నాణెం. ఏడాదిపాటు తలుపు దాన్ని రోజుకి వందసార్లు నమిలింది. వెండిరంగు చుట్టు సాగి అరిసె అంచులా అయింది, మధ్యలోని పసుపు బిళ్ళ ఒక పక్కకి జరిగింది, ఒకవైపు బొమ్మ మొత్తం అరిగిపోయింది. తలుపు దానంతటదే మూసుకుంది. ఆ చప్పుడుకే సెక్రటరీ దిగివచ్చాడు.

నాణెం చూడగానే అతని కళ్ళు చిన్నవయ్యాయి. అతను రిటైరయ్యాక ఫోనులో నాణేల అమ్మకాలు చూస్తుంటాడు. ఇలాంటిదే ఒకటి తీసి చూపించాడు. అరుదైన ముద్రణ లోపం, ప్రపంచంలో ఇదొక్కటే, పన్నెండు వేల అయిదువందల యూరోలు. దాని కింద అలాంటివే ఇంకో ఏడున్నాయి, అన్నీ ప్రపంచంలో ఒక్కటే. పోస్టు ఖర్చు నాలుగు యూరోలు అదనం. ఆ నాలుగు యూరోలు చూశాకే నాకు నమ్మకం కుదిరింది. మోసగాడైతే పోస్టు ఉచితం అంటాడు కదా. అడిగిన ధర వేరు, ఎవడైనా ఇచ్చిన ధర వేరు అని మాలో ఎవరికీ తట్టలేదు. అడగటానికేం, మా అత్తగారిని కూడా పన్నెండు వేలకి పెట్టొచ్చు.

జినోవియా అతనితో నిజమే చెప్పింది. "ఇది తప్పుగా అచ్చయింది కాదండీ, తలుపు నలిపింది. మా ఆయన పాతికేళ్ళు రేకుల ప్రెస్సు మీద చేశాడు, రెండు వేళ్ళు దానికే ఇచ్చాడు. నలిగిన అంచు నాకు తెలుసు."

నీకేం తెలుసని నవ్వేశాడు. తరవాత అయిదు నిమిషాల్లో నాణెం ఎవరిదన్న చర్చ మొదలైంది. లిఫ్టు ఉమ్మడి ఆస్తి, కాబట్టి గాడిలో దొరికింది బిల్డింగుది, బిల్డింగు అంటే సెక్రటరీ. కిందటి ఏడాది లిఫ్టులో రెండు యూరోలు పారేసుకున్నానని నాకు హఠాత్తుగా గుర్తొచ్చింది. నిజానికి నేను లిఫ్టులో ఏదీ పారేసుకోలేదు. పోలిక్సేనిగారు కూడా వచ్చి నాణేన్ని చూసి, అది తన పర్సులోదే, మొహం గుర్తుపట్టానంది. దాని మొహం అరిగిపోయి ఏడాదయింది.

మా మాటలన్నీ విని జినోవియా నాణెం ఆప్రాన్ జేబులో వేసుకుంది. పని అయ్యాక మాట్లాడదాం అని బకెట్ ఎత్తుకుని పైకెళ్ళింది. సెక్రటరీ ఆమె వెనకాలే వెళ్ళాడు. "జినోవియాగారూ, జాగ్రత్తండీ, మెట్లు తడిగా ఉన్నాయి" అన్నాడు. పందొమ్మిదేళ్ళలో ఆమెకి 'గారు' తగలటం అదే మొదలు. ఆ రోజు ఏ తాళమూ తిరగలేదు. తలుపులన్నీ బార్లా తెరుచుకుని, ఒక ఇంట్లోంచి కేకు, ఒక ఇంట్లోంచి బత్తాయి తొక్కల మురబ్బా బయటికొచ్చాయి. ఆమె దేన్నీ ముట్టుకోలేదు.

నేను మూడో అంతస్తు మెట్ల కిటికీ దగ్గర సిగరెట్ కాలుస్తున్నాను. సిగరెట్ మానేశానని మా ఆవిడకి ప్రమాణం చేశాను కాబట్టి అక్కడే కాలుస్తాను, పీకలు డక్టులో వేస్తాను. నా పై కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. బ్లీచింగుకి తెల్లబడిన పిడికిలి. పావురాలకి గింజలు వేసినట్టు తెరుచుకుంది. కింద మూడుసార్లు టంగుమంది.

"అయ్యో, జారిపోయిందండీ" అంది జినోవియా. పాలు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

పదకొండేళ్ళు తెరుచుకోని ఇనప తలుపు పది నిమిషాల్లో ఊడివచ్చింది. సెక్రటరీ పైజమా మోకాళ్ళదాకా మడిచి దిగాడు. నేను పార పట్టాను. రెట్ట, ఈకలు, బట్టల క్లిప్పులు, ఒక బొమ్మ చెయ్యి, సెక్రటరీ తన జుట్టు సహజమేనని చెప్పుకునే నల్లరంగు సీసాలు పద్నాలుగు, నా సిగరెట్ పీకలు లెక్కలేనన్ని. మా ఆవిడ మెట్ల మీద నిలబడి వాటిని చూసింది, నన్ను చూసింది, తన రోజు వస్తుందన్నట్టు తలూపింది. పోలిక్సేనిగారు ఇంట్లోంచి పిండి జల్లెడ తెచ్చింది. మేము తవ్వి పోస్తుంటే ఆవిడ ముక్కుకి గుడ్డ కట్టుకుని జల్లించింది. నిగనిగలాడే నట్టు ఒకటి వస్తే సెక్రటరీ విసుక్కుని మూలకి విసిరేశాడు.

మధ్యాహ్నం రెండు దాటాక జల్లెడ ఆగిపోయింది. అందులో మట్టి రాలిపోయి ఉంగరం మిగిలింది. పచ్చరాయి చెక్కుచెదరలేదు.

జినోవియా అప్పటికి చివరి మెట్టు కడిగి, తుడుపు కర్రకి ఆనుకుని నిలబడి ఉంది.

"మీ చేత్తోనే తీశారు కదమ్మా" అంది. "మాస్టారు చూశారు. అయ్యగారు చూశారు."

పోలిక్సేనిగారు ఉంగరం తుడిచి వేలికి పెట్టుకుంది. చివరికి, "కాఫీ తాగుతావా జినోవియా?" అంది.

"ఆ కాఫీ చల్లారి పదకొండేళ్ళయిందమ్మా."

"మరి నాణెం ఏదీ?" అన్నాడు సెక్రటరీ, నడుంలోతు గోతిలోంచి.

జినోవియా హాలువైపు తిరిగింది. హాలంతా మా కాళ్ళ అచ్చులు. తెల్ల పాలరాయి మీద పావురాల రెట్ట, వీధి గుమ్మందాకా. పందొమ్మిదేళ్ళలో ఆ రాతి మీద ఆమె అడుగు ఒక్కటి కనబడలేదు. ఆమె ఆ అచ్చుల్ని ఒక్కొక్కటే చూసింది. తుడవలేదు. మోకాళ్ళ టైరు ముక్కలు విప్పి, లిఫ్టు దగ్గర ఒకసారి వంగి లేచి, బకెట్ బోర్లించి, దాని మీద వీధి తలుపు తాళంచెవి పెట్టింది. బకెట్ పిడి ఒకవైపు ఊడి వేలాడుతోంది. శనివారం రాలేదు, ఆ పై వారమూ రాలేదు. క్షమాపణ ఉత్తరం రాద్దామని పోలిక్సేనిగారు కలం పట్టుకుంటే తెలిసింది, ఆమె ఇంటిపేరు, ఏ వీధో, ఏ ఊరో మా పది ఇళ్ళల్లో ఒక్కరికీ తెలియదు. మెట్లు ఇప్పుడు వంతులవారీగా మేమే కడుగుతున్నాం. నా వంతు సోమవారం.

ఆ సోమవారమే గడప దగ్గర వంగినప్పుడు చూశాను. డక్టులో పడింది బకెట్ పిడి నట్టు. నాణెం ఆమె ఎక్కడ నుంచి తీసిందో అక్కడే ఉంది, కత్తితో ఇంకాస్త లోపలికి దిగ్గొట్టి. ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్ళీ పన్నెండు వేల యుద్ధం. చెప్పకపోతే నా మోకాళ్ళు. నేనే తీసేద్దామని కత్తి రెండుసార్లు తీసుకెళ్ళాను. వంగేసరికి ఆ కాగితం మీది నా సంతకం గుర్తొచ్చి, దాన్ని కదిలించే హక్కు నాకు లేదనిపిస్తుంది. చదివే బాబులూ, అమ్మలూ, మీకు దండం పెడతాను, ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండి. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, మీ మెట్లు కడుగుతుంటే నాకొక ముక్క రాయండి. అందాకా లిఫ్టు తలుపు వచ్చి ఆగుతూనే ఉంది, ఆ బెత్తెడు సందులో మొహం అరిగిన రెండు యూరోల బిళ్ళ మీద.