వస్తాదు బాబు

దాలయ్య ఊపిరి బిగబట్టి 'శ్రీ' అక్షరానికి చివరి వంపు తిప్పాడు. కుంచె పైకి లేచాక గానీ గాలి వదల్లేదు. రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూశాడు. లారీ నుదుటి మీద తడి పసుపు మెరుస్తోంది. బాగానే వచ్చింది. తడిగుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు గానీ గోళ్ళ సందుల్లో రంగు నలభై ఏళ్ళుగా పోనిది, ఇప్పుడు మాత్రం ఎక్కడ పోతుంది? పెళ్ళి భోజనాల్లో కూడా అతని వేళ్ళు నీలంగానో ఎర్రగానో ఉండేవి.

సాలూరులో లారీలకి పేర్లు రాయడం అతని పని. గుంపవలస నుంచి పొద్దున్నే సైకిలు మీద వస్తాడు, చీకటి పడకముందే వెళ్ళిపోతాడు. అతను రాసిన అక్షరాలు రాయపూరు, నాగపూరు దాకా తిరిగాయి. అతను విజయనగరం దాటలేదు. యజమానుల పిల్లల పేర్లు, ఇలవేల్పుల పేర్లు, ఎవరు ఏది చెబితే అది రాశాడు. తన పేరు ఒక్క బండి మీదా రాసుకోలేదు. సొంతంగా పుట్టించిన మాట ఒకే ఒక్కటి.

ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. అప్పట్లో మండలాధ్యక్షుడు త్రినాథ్ బాబు. గుంపవలసలో సభ పెడితే ఆడవాళ్ళు కుళాయి ఎప్పుడొస్తుందని అడిగారు. "వస్తాది" అన్నాడు. రోడ్డో? "వస్తాది." కాలువ? "అదీ వస్తాది." ఆ మర్నాడు ఒక లారీ వెనక తలుపు మీద ఏదో ఒకటి నీకు తోచింది రాయమని యజమాని అంటే, దాలయ్య ఆ 'వస్తాది'నే పేరు చేసి నవ్వుకుంటూ రాశాడు: 'వస్తాదు బాబు వెనకాలే ఉన్నాడు, దారివ్వండి.' నెల తిరక్కుండా మండలమంతా ఆ పేరే. త్రినాథ్ మనుషులకి అసలు సంగతి తెలియలేదు. కుస్తీ పట్టే వస్తాదు అనుకుని మురిసిపోయి, ఆయన బొమ్మ చేతిలో గద పెట్టి 'మన వస్తాదు' అని ఫ్లెక్సీ కట్టారు. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. తర్వాతి ఎన్నికల్లో త్రినాథ్ ఓడిపోయాడు.

దాలయ్య కూడా నవ్వాడు, ఒక రాత్రి భార్య బుల్లమ్మ అన్నం వడ్డిస్తూ ఒక మాట అనేదాకా. త్రినాథ్ కూతురు శైలజ కాలేజీ బస్సెక్కితే పిల్లలంతా "వస్తాది, వస్తాది" అని అరిచారట. ఆ పిల్ల నెల రోజులు కాలేజీకి వెళ్ళలేదట.

"ఆ బాబు నీల్లు తేనేదు, తిట్టు. పిల్లేటి సేసినాది?" అంది బుల్లమ్మ.

ఇదే బుల్లమ్మ, ఆ పేరు పుట్టకముందు త్రినాథ్ కారు కనబడితే కొంగు సర్దుకుని పక్కకి తప్పుకునేది. పేరు పుట్టాక ఇరవై మంది ఆడవాళ్ళతో ఖాళీ బిందెలు పట్టుకుని ఆయన ఆఫీసులో కూర్చుంది. నవ్వు ఆమెకి ధైర్యమిచ్చింది. అదే నవ్వు ఆ పిల్లని ఏడిపించింది. ఈ రెండూ ఎలా సర్దుకోవాలో దాలయ్యకి ఇప్పటికీ తెలియదు.

ఇవాళ పదకొండు గంటలకి ఒక పాత లారీ షెడ్డులోకి వచ్చింది. వెనక కొత్తగా ఎక్కించిన నీళ్ళ ట్యాంకు. డ్రైవరు పక్క సీట్లోంచి దిగింది త్రినాథ్ బాబు. మనిషి చిక్కాడు. జుట్టుకి రంగు మానేశాడు. దాలయ్య చేతిలో కుంచె అలాగే ఉండిపోయింది.

"ఏటి దాలయ్యా, బాగున్నావా?"

"బాగానే ఉన్నాను బాబూ. ఏటిలాగొచ్చినారు?"

"దీనికి పేరు రాయాల. నువ్వు పెట్టిందే. వస్తాదు బాబు."

దాలయ్య కుంచె కింద పెట్టాడు. "తప్పైపోనాది బాబూ," అన్నాడు.

త్రినాథ్ ఖాళీ రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "ఫ్లెక్సీ కట్టిన రోజు అద్దంలో కండలు సూసుకున్నాను, నిజమే కాబోలని. సంగతి తెలిసినాక నిన్ను కొట్టించీవోడినే. మా అమ్మాయి ఆపింది. ఏడ్సి ఏడ్సి, 'నాన్నా, ఆళ్ళు అబద్దం ఏటన్నారు?' అంది."

దాలయ్య తల వంచుకున్నాడు. "బస్సులో నాను అరవనేదు బాబూ. అయినా ఆ మాట నాదే. అమ్మాయిగారు బాగున్నారా?"

"విజయనగరంలో టీచరు. నీ మీద కోపం మాత్రం పోలేదు." అన్నాడు త్రినాథ్. "ఓడిపోయినాక సారూ అన్నోడు ఒక్కడూ మా గుమ్మం తొక్కలేదు. వస్తాదు బాబూ అన్నోళ్ళే పెళ్ళికీ సావుకీ పిలిసినారు. ఎల్లినాను. ఎల్తే తెలిసింది, మీ ఆడోళ్ళు ఎండిపోయిన గెడ్డ ఇసకలో సెలమ తవ్వుకుని నీళ్ళు ముంచుకుంటన్నారని."

"మల్లీ నిలబడతారా?"

"నిలబడతానేమో. అది తరవాత. ట్యాంకరు మాత్రం ఈయేలే మీ ఊరు వస్తాది."

తన నోట్లోంచి ఆ మాట వచ్చిందని ఆయనకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ముందు ఆయనే నవ్వాడు.

దాలయ్య పసుపు రంగు కలిపి ట్యాంకు పక్కభాగం మీద రాయడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళలో ఏ అక్షరానికీ పెట్టనంత శ్రద్ధ పెట్టాడు. ఒక్కో అక్షరం పక్కన ఎర్రటి నీడ దించాడు, అంచుకి తెల్లగీత లాగాడు. ఆ పేరు మొదటిసారి వెక్కిరింతలా కాక పేరులాగే కనిపించింది. ఎండ నడినెత్తి దాటాక నిచ్చెన దిగాడు.

"ట్యాంకు ఎనకాల కాలీగా ఒగ్గీసినావేటి?" అన్నాడు త్రినాథ్.

"అక్కడ ఇంకో మాట రాస్తాను బాబూ. ఒక ఏడాది నీల్లు ఇడవకుండా వచ్చినాక. ఏటి రాయాలో కూడా అనీసుకున్నాను."

త్రినాథ్ అతని కళ్ళలోకి చూసి తలూపాడు. "సరే. అమ్మాయికి సెప్తాను, నువ్వు అడిగినావని."

బండి ముందు పసుపు పూసి, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టారు. త్రినాథ్ దణ్ణం పెట్టుకుని అలాగే క్యాబిన్ ఎక్కేశాడు. డ్రైవరు నిమ్మకాయలు తొక్కించి రోడ్డెక్కించాడు. గుంపవలస మలుపు తిరిగేటప్పుడు పచ్చి అక్షరాలు ఎండలో మెరిసి, మెల్లగా కనుమరుగయ్యాయి. బుల్లమ్మ ఈపాటికి బిందె కడుక్కుని ఉండదు, ఎవరూ చెప్పలేదు కదా అనుకున్నాడు దాలయ్య. మొదటిసారి ఊరికి చెప్పకుండానే నీళ్ళ బండి వస్తోంది.

కుంచెలు కడుగుదామని వంగినప్పుడు చూశాడు. కొబ్బరినీళ్ళు పారి తడిసిన మట్టిలో, దణ్ణం పెట్టుకోవడానికి విడిచిన త్రినాథ్ బాబు చెప్పులు అక్కడే ఉన్నాయి. మడమల దగ్గర పల్చగా అరిగిపోయి, ఎడమ దాని పట్టీ రాగితీగతో కట్టి ఉంది.