గోర్డన్ సారు మామిడితోట

మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఆ ఇంట్లో పనికి కుదిరిన కొత్తలోనే మల్లీశ్వరికి ఒక సంగతి అర్థమైంది. అక్కడ వంట తేలిక, ఇల్లు తుడవడం తేలిక, గోర్డన్ సారు చెప్పేది వినడమే కష్టం.

డాక్టర్ హుమా మేడం తెల్లారగానే ఆసుపత్రికి వెళ్లిపోయేది. ఆమె భర్త గోర్డన్ కెనడావాడు. విన్నిపెగ్‌లో ఏదో పత్రికలో చాలా ఏళ్లు రాసి, అది మూతపడ్డాక భార్య ఉద్యోగం వెంట ఒమన్ వచ్చాడు. పత్రిక ఆగింది గానీ అభిప్రాయాలు ఆగలేదు. పొద్దున్నే టీవీ పెట్టి వార్తలు చదివేవాళ్లను తిట్టేవాడు. తమ దేశాన్ని కలిపేసుకుంటానంటున్న పక్క దేశాన్ని తిట్టేవాడు. దానికి గట్టిగా జవాబు చెప్పలేదని సొంత దేశాన్నీ తిట్టేవాడు. ఆ తర్వాత పాత రికార్డులు తిప్పుతూ, తన యౌవనం అయిపోయిన ఏడాదే ప్రపంచంలో సంగీతం కూడా చచ్చిపోయిందని తేల్చేవాడు. రాయచోటి నుంచి వచ్చిన మల్లీశ్వరికి ఇంగ్లీషు సగమే వచ్చు. ఆ సగానికే తల పగిలిపోయేది.

ఈ మాటలన్నీ ఆయన స్టోర్‌రూమ్‌లో, ఉల్లిపాయల బస్తాల పక్కన మైకు పెట్టుకుని రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టేవాడు. వాటిని ఎవరు వింటారో ఆమెకు తెలియదు. హుమా మేడం మాత్రం వినదు, ఇంట్లో వినేది చాలంటుంది.

ఒకరోజు ఆయనకు కొత్త ఆలోచన తట్టింది. గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు ఇంటిమీద బెంగతో వినే పాత పాటల గురించి ఒక కార్యక్రమం చేయాలనుకున్నాడు. మల్లీశ్వరిని మైకు ముందు కూర్చోబెట్టి, ఊరు గుర్తొచ్చే పాట ఏదైనా పెట్టమన్నాడు. ఆమె కళ్ల వంక ఆశగా చూస్తూ టిష్యూ డబ్బా కూడా దగ్గరకు జరిపాడు.

మల్లీశ్వరి ఫోను తీసి, తాను గిన్నెలు తోమేటప్పుడు వినే పాట పెట్టింది. ఆ నెలలో వచ్చిన పాటే. డప్పులు, ఈలలు. మధ్యలో ఒక పిల్ల బావను మామిడితోటలోకి రమ్మని పిలిచి, ఏమేం కోసుకోవచ్చో ఒక్కొక్కటిగా చెబుతుంది.

గోర్డన్ మొహం వాడిపోయింది. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన గణపతి అప్పుడు అక్కడే నిచ్చెన మీద ఉన్నాడు. ఏసీ బాగుచేయడానికి కంపెనీ పంపింది అతణ్ని. సారు అతణ్నీ అడిగాడు. తన ఫోన్‌లోనూ అదే పాట ఉందని, రూమ్‌లో అందరూ అదే వింటారని గణపతి హిందీలో చెప్పాడు. మేడం పుణ్యమా అని సారుకు హిందీ కాస్త అర్థమవుతుంది. అయితే దాని అర్థమేమిటని సారు అడిగాడు.

గణపతి తెలుగులోకి మారాడు. “అక్కా, నన్ను ఇందుల ఇరికియ్యకు. నువ్వే చెప్పు.”

మల్లీశ్వరి ఆలోచించింది. తనకున్న ఇంగ్లీషులో అది చెప్పడం కుదరదు. ఎంత ఇంగ్లీషు ఉన్నా సారుకు చెప్పడం అసలే కుదరదు.

“మామిడితోట గురించి సార్,” అని ఊరుకుంది.

ఆయనకు ప్రాణం లేచివచ్చింది. తోట ఎవరిదన్నాడు. బావదంది. ఇప్పుడూ ఉందా అన్నాడు. ఏమో సార్ అంది. ఆ ‘ఏమో’లో ఆయనకు బోలెడు దుఃఖం వినిపించింది. వారం తిరక్కుండా కార్యక్రమం పెట్టాడు. అందులో బావులు ఎండిపోయాయి, తోట అమ్ముడుపోయింది, కూలీలు ఎడారిలో దాన్ని తలచుకుని ఏడ్చారు. డప్పు మోతను పగిలిన గుండెల చప్పుడన్నాడు.

హుమా మేడం ఆసుపత్రిలో సునీత అని ఒక గోదావరి నర్సు ఉంది. ఆ కార్యక్రమం ఎలాగో ఆమె చెవిన పడింది. కుర్చీలోంచి జారిపోయేంత నవ్వి, మేడమ్‌కు పాట అర్థం మొత్తం చెప్పింది. మేడం రాత్రి భోజనాల దగ్గర భర్తకు చెప్పింది. నవ్వు ఆపుకోలేక మధ్యమధ్యలో నీళ్లు తాగింది.

మర్నాడు గోర్డన్ టీవీ పెట్టలేదు. మల్లీశ్వరికి గుబులు పుట్టింది. పనిలోంచి తీసేస్తే వీసా గతేమిటని పప్పు కడుగుతూ అనుకుంటుండగా ఆయనే వంటింట్లోకి వచ్చాడు. మామిడితోట సంగతేమిటన్నాడు.

“పాటలో తోట ఉండాది కదా సార్. నేనేమీ అబద్ధం చెప్పల్యా,” అంది, వచ్చిన ఇంగ్లీషునూ హిందీనీ కలిపి.

ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. పోనీ, ఒక్క పాత పాట కూడా ఎందుకు పెట్టలేదని అడిగాడు. అమ్మ పాడినవో, పెళ్లినాటివో ఏవీ లేవా అన్నాడు.

మల్లీశ్వరి కొళాయి కట్టేసింది. “మా ఆయనకు పాత పాటలంటే పాణం సార్. తాగొచ్చిన రోజు ముందు పాడేవాడు, తర్వాత కొట్టేవాడు. ఎంత బాగా పాడితే అంత గట్టిగా కొట్టేవాడు.”

గోర్డన్ స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. అభిప్రాయం చెప్పకుండా ఉండగలిగితే ఆయన గోర్డనెందుకవుతాడు? తప్పు ఆ మనిషిది గానీ పాటది కాదు కదా అన్నాడు.

“మనిషి పోయి శానా ఏండ్లయ్యె సార్. పాటే ఇంకా పోల్యా.”

ఆయన గట్టు మీది వెల్లుల్లి ముందుకు లాక్కుని ఒలవడం మొదలుపెట్టాడు. పొట్టుతో పాటు సగం రెబ్బ కూడా పోతోంది. మల్లీశ్వరి మిగిలిన సగాలు ఏరి పప్పుగిన్నెలో వేసుకుంది.

తర్వాతి కార్యక్రమంలో, మామిడితోట విషయంలో తాను పొరబడ్డానని, మిగతా లోక వ్యవహారాలన్నిటిలో తాను చెప్పిందే సరైనదని ప్రకటించాడు. వినేవాళ్లు పెరిగారట. మామిడితోట పాట కోసమేనని సునీత అంది.

ఆ వారమే ఆయన పెద్ద హెడ్‌ఫోన్లు కొనుక్కొచ్చాడు. ఆమె వంటింట్లో ఉన్నంతసేపూ పాత పాటలు వాటిలోనే వినేవాడు. చిక్కల్లా ఒక్కటే. అవి పెట్టుకుంటే తన గొంతు తనకు వినిపించక, ప్రతి పాట మీదా అభిప్రాయాన్ని అరిచి చెప్పేవాడు. పక్కింటి ఒమానీ ముసలాయన ఒకరోజు గోడ మీంచి తొంగిచూసి, లోపల అందరూ క్షేమమేనా అని అడిగాడు. క్షేమమే బాబా, మా సారు పాటలు వింటున్నాడని చెప్పి మల్లీశ్వరి బీన్స్ తరగడానికి లోపలికి వెళ్లింది.