సిద్దికా మేడమ్ గొంతు

“లేవండమ్మాయ్, లేవండి. స్టడీ అవర్ టైమైంది. మొహాలు కడుక్కోండి.”

సిద్దికా కారిడార్ ఈ చివర నిలబడి అరిచిందో లేదో, ఆ చివర గదిలోంచి అదే బొంగురుతో, అదే సాగతీతతో “మొహాలు కడుక్కోండమ్మాయ్” అని తిరిగొచ్చింది. వెనకాలే ఆవిడ దగ్గు కూడా. అంతస్తంతా కిసుక్కుమంది.

మూడో అంతస్తు ఆడపిల్లలకి ఆవిడ గొంతు ఓ ఆట. కిందటేడు ఒక పిల్ల ఆ గొంతుతోనే వాచ్‌మన్ ఏసోబు చేత గేటు తీయించింది. పిల్లని ఇంటికి పంపించేశారు గానీ గొంతు హాస్టల్లోనే ఉండిపోయింది. సీనియర్లు పోతూ పోతూ జూనియర్లకి నేర్పి పోతారు.

సిద్దికా పీలగా ఉంటుంది. నలభై దాటకుండానే ముందు జుట్టు నెరిసింది. కొంగు బొడ్లో దోపుకుని, చెప్పులు మెట్ల దగ్గరే వదిలేసి, వట్టి కాళ్ళతో తిరుగుతుంది. చెప్పుల చప్పుడు వింటే పిల్లల గుసగుసలు ఆగిపోతాయని చేరిన కొత్తలో ఎవరో చెప్పారు. అప్పట్నించీ అరికాళ్ళు బీటలు వారుతున్నా అలాగే నడుస్తోంది.

ఎమ్మెస్సీ లెక్కలు చదివి, పాఠం చెప్పడానికని గుంటూరు బైపాస్ పక్కనున్న ఈ కాలేజీకి వచ్చింది. ముందు ఓ ఏడాది ఫ్లోర్ ఇన్‌ఛార్జిగా ఉండమని సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టుకున్నారు. ఆ ఏడాది ఇంకా అయిపోలేదు. పిల్లలు వచ్చి వెళ్తూనే ఉన్నారు. ఆవిడ మంచం మాత్రం కారిడార్ మూలనే ఉంది. పిల్లలకి ఔటింగ్ లేని వారం ఆవిడకీ లేదు. స్టాఫ్ ఫోన్లు కూడా గేటు దగ్గర ఇచ్చి రావాల్సిందే.

పర్చూరులో చిన్న బడి ఒకటి లెక్కల టీచర్ కోసం చూస్తోందని అన్న అమానుల్లా చెప్పాడు. జీతం మాట ఎలా ఉన్నా బోర్డు ముందు నిలబడొచ్చు. ఆ ఆశతోనే సిద్దికా సర్టిఫికెట్ల కోసం ప్రిన్సిపాల్ గది చుట్టూ తిరిగింది. ఈ ఏడు కాలేజీలో విద్యార్థి నాయకత్వం అని కొత్త కార్యక్రమం పెట్టారు. అంతస్తుకో కెప్టెన్, ఛాతీకి నీలం బ్యాడ్జి, స్టేజీ మీద ప్రమాణం.

“సిద్దికా గారూ, మీ కెప్టెన్‌ని తయారు చెయ్యండి” అన్నాడు ప్రిన్సిపాల్. “మీరు కలగజేసుకోకుండా ఒక్క రోజు ఫ్లోర్ నడిస్తే సాయంత్రమే సర్టిఫికెట్లు ఇచ్చేస్తా.”

ఆ రోజు ఇవాళే.

కెప్టెన్ తేజశ్రీది పిడుగురాళ్ల పక్క ఊరు. నిమిషానికోసారి బ్యాడ్జి తడుముకుంటోంది. టిఫిన్లయ్యాక సిద్దికా పక్కకి పిలిచింది.

“క్లాసులకి పోయాక గదులకి గడియలు పెడతావు. ముందు ఏం చూస్తావు?”

“గుమ్మం ముందు చెప్పులున్నాయేమో చూస్తాను మేడమ్. ఉంటే ఎవరో లోపల ఉన్నట్టే.”

“చెప్పులు లోపల దాచేసి మంచం కింద దూరే వాళ్ళున్నారు. గడియ పడ్డాక తలుపు కొడతారు. అప్పుడో?”

“లంచ్ బెల్ దాకా తీయను. వాళ్ళకదే పనిష్మెంటు.”

“కడుపునొప్పంటారు. ఏడుస్తారు. నా గొంతుతో పిలుస్తారు.”

తేజశ్రీ నవ్వాపుకుంది. “ఆ గొంతు నాకూ వచ్చండి.”

“తెలుసులే. అందుకే చెప్తున్నా. ఇవాళ తలుపు తీశావంటే నేను పర్చూరు వెళ్ళలేను తల్లీ.”

“తీయను మేడమ్.”

పిల్లలు దిగిపోయారు. అంతస్తు ఖాళీ అయింది. సిద్దికా తన మంచం మీద కూర్చుందామనే అనుకుంది గానీ కాళ్ళు ఊరుకుంటాయా. చివరి గదిలో కిటికీ బార్లా తెరిచి ఉంది. కోల్డ్ స్టోరేజీలకి పోయే మిర్చి లారీల ఘాటు నేరుగా లోపలికి కొడుతోంది. వెళ్ళి కిటికీ మూసింది. పొద్దుట్నించీ గుండెల్లో పట్టేసినట్టుంది. ఘాటుకే అనుకుని, రెండు మంచాల మధ్య నేల మీద చతికిలబడింది.

గడియలు పడుతున్న చప్పుడు ఒక్కో గదే దాటుకుంటూ దగ్గరికొచ్చింది. పిల్ల తొందరపడకుండా చేస్తోందని ముచ్చటేసింది. చివరి గడియా పడింది.

అప్పుడే పిలవొచ్చు. పిలిస్తే కలగజేసుకున్నట్టవుతుందని ఊరుకుంది. కాసేపటికి నొప్పి ఎడమ చేతిలోకి పాకింది. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. పాక్కుంటూ తలుపు దగ్గరికి వచ్చి అరచేత్తో కొట్టింది.

“తేజశ్రీ, నేనమ్మా. తలుపు తియ్యి.”

అవతల అడుగులు ఆగాయి.

“తియ్యనుగాక తియ్యను.”

“నేనే తల్లీ, సిద్దికాని.” దగ్గు తెర అడ్డొచ్చింది.

“దగ్గు కూడా దించేశావే. ఎవరో గానీ లంచ్‌కి చూస్తా నీ సంగతి.”

అడుగులు వెళ్ళిపోయాయి. సిద్దికాకి భయమేసింది. ఆ వెనకే సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఈ తలుపులు కొట్టిన పిల్లల్లో నిజంగా నొప్పి ఎవరికుందో ఒక్కసారీ తీసి చూడలేదు. మళ్ళీ పిలుద్దామంటే గొంతులోంచి ఈల లాంటి గాలి తప్ప ఏమీ రాలేదు. బైపాస్ మీద లారీలు పోతూనే ఉన్నాయి. పర్చూరు బడిలో మొదటి రోజు ఏ పాఠం చెప్పాలో అనుకుంటూ తలుపుకి తల ఆనించింది.

లంచ్ బెల్ మోగగానే తేజశ్రీ పరుగున వచ్చి గడియ తీసింది. తలుపు కాస్త తెరుచుకుని, దేనికో తగిలి ఆగిపోయింది.

“లేవ్వే, చాల్లే నాటకాలు” అంది తేజశ్రీ. సందులోంచి లోపలికి తొంగి చూసింది.

సాయంత్రానికి పర్చూరు నుంచి అమానుల్లా బండి తీసుకొచ్చాడు. నిద్రలోనే పోయిందని ప్రిన్సిపాల్ చెప్పి, సర్టిఫికెట్ల కవరు అతని చేతిలో పెట్టాడు. తేజశ్రీ బ్యాడ్జి తీసి పిడికిట్లో బిగించుకుని, ఎదురైన పిల్లనల్లా “నన్ను పిలిచింది మీరెవరూ కాదా?” అని అడుగుతోంది. మేడమ్ గొంతు ఇంకెవరూ ఎత్తలేదు.

స్టడీ అవర్ బెల్ మోగింది. పిల్లలంతా ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కుని కిందికి దిగారు. మెట్ల దగ్గర ఒక్క జత మిగిలింది. ఎప్పుడో కొన్నవి. మడమల దగ్గర ఇంకా అరగనే లేదు.